హాలు, పాలు: బెంగళూరులో మా పాపతో పద్నాలుగు రోజులు

మొదటి రోజు, మంగళవారం

డాలస్‌లో ఆదివారం విమానం ఎక్కితే బెంగళూరులో దిగేసరికి మంగళవారం తెల్లవారుజామైంది. దేవనహళ్లి నుంచి జయనగర్ చేరేలోగా తెల్లారిపోయింది. రెండు వారాలకు అద్దెకు తీసుకున్న ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. బాల్కనీ ముందు పెద్ద కానుగ చెట్టు.

ఇంటివాళ్లను అడిగి ముందే ఒక చిన్న మంచం వేయించుకున్నాం. దాని మీద గులాబీరంగు దుప్పటి పరిచి, దిండు పక్కన కుందేలు బొమ్మ పెట్టాను. సర్ది అయిపోయినా మళ్లీ మళ్లీ సర్దుతూనే ఉన్నాను. మా ఆయన చూసి, "ఇక చాల్లే, కాసేపు పడుకో" అన్నారు. పడుకుంటే నిద్ర వస్తేగా.

దత్తతల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్న దగ్గర్నుంచి ఇప్పటికి మూడేళ్లు దాటింది. ఎన్ని ఇంటర్వ్యూలు, ఎన్ని సంతకాలు. ఒకరోజు ఒక ఫొటో, దానితో పాటు పాప గురించి రాసిన రిపోర్టు, మెడికల్ రిపోర్టు వచ్చాయి. ఆ రిపోర్టులో నాకు కంఠతా వచ్చిన వాక్యం ఒకటుంది: రాగి గంజి ఇష్టంగా తాగుతుంది, చీకటంటే భయం. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. మాకూ అలాగే వచ్చింది. బయటి దేశానికి తీసుకెళ్లేవాళ్లకు దేశాల మధ్య దత్తతల కోసం ఉన్న హేగ్ ఒప్పందంలోని 23వ అధికరణ కింద, దత్తత నిబంధనల ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే కన్‌ఫర్మిటీ సర్టిఫికెట్ కూడా ఉండాలి. అదీ వచ్చింది. ఇక మిగిలింది పాస్‌పోర్టు, ఆ తర్వాత వీసా. అవి వచ్చేదాకా ఇక్కడే ఉండాలి.

పాప అసలు పేరు ఇక్కడ రాయను. తన కథ చెప్పుకోవాలో వద్దో పెద్దయ్యాక తనే తేల్చుకోవాలి. ఇందులో చిన్ని అంటాను. వయసు మూడేళ్ల తొమ్మిది నెలలు.

సాయంత్రం మారతహళ్లి నుంచి మా పిన్ని, బాబాయి క్యారియర్ పట్టుకుని వచ్చారు. బాబాయి ఉద్యోగం ఇక్కడే కావడంతో వాళ్లు ఈ ఊరు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. పిన్ని చారు పోస్తూ, "ఆదివారం మనవాళ్లందర్నీ పిలుస్తానే, పాపను చూస్తారు" అంది. వద్దన్నాను. కొన్నాళ్లు మీరిద్దరు తప్ప ఎవరూ వద్దు పిన్నీ అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది కానీ ఏమీ అనలేదు.

రెండో రోజు, బుధవారం

పదిన్నరకు పాప ఉంటున్న పిల్లల ఆశ్రమానికి వెళ్లాం. మేము పంపిన ఫొటోల ఆల్బమ్ అక్కడి బల్ల మీద ఉంది. అంచులు నలిగి, ఒక పేజీ చిరిగి ఉంది. అది చూశాక నాకు కొంత ధైర్యం వచ్చింది. ఎవరో రోజూ తనకు ఆ ఆల్బమ్ చూపిస్తున్నారన్నమాట.

చిన్ని ఆయమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. అక్కడి పిల్లలందరూ ఆమెను అజ్జి, అంటే అవ్వ, అంటారు. తలకు నూనె రాసి, రెండు పిలకలు వేసి, వాటికి ఎర్ర రిబ్బన్లు కట్టింది. చిన్ని మమ్మల్ని చూసి, ఆల్బమ్ చూసి, మళ్లీ మమ్మల్ని చూసింది. అజ్జి "అమ్మ" అని నన్ను చూపించింది, "అప్ప" అని ఆయన్ను చూపించింది. చిన్ని తల ఊపింది. పిలవగానే వచ్చి నా ఒళ్లో కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత బాగా కలిసిపోయిందో అని సంతోషపడ్డారు.

కోలారు వైపు నుంచి వచ్చిన సోషల్ వర్కర్ ఒకామె తెలుగులోనే మాట్లాడింది. నన్ను పక్కకు పిలిచి, "మేడమ్, ఊరుకుందంటే ఒప్పుకుందని అనుకోకండి. భయపడ్డ పిల్లలు కూడా ఇలాగే ఊరుకుంటారు" అంది. ఇంకా కొన్ని చెప్పింది. కొన్ని వారాల పాటు అన్నం పెట్టడం, స్నానం చేయించడం, ఎత్తుకోవడం మీరిద్దరే చేయండి. తిండి ఒక్కసారిగా మార్చకండి. కొత్త బట్టలు, కొత్త బొమ్మలు, కొత్త మనుషులు అన్నీ ఒకేసారి వద్దు.

అజ్జి ఒక పాత దుప్పటి మడిచి నా చేతిలో పెట్టింది. "ఒగీబేడమ్మా" అంది. ఉతకొద్దని. ఆ దుప్పటి నిండా కొబ్బరినూనె వాసన.

కారులో చిన్ని నా ఒళ్లో కొయ్యబొమ్మలా కూర్చుంది. కాసేపటికి నా చెయ్యి తడిగా అనిపించి వంగి చూశాను. ఏడుస్తోంది. గొంతు లేదు, వెక్కిళ్లు లేవు, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయంతే. మూడేళ్ల పిల్ల చప్పుడు లేకుండా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

రాత్రి మంచం మీద పడుకోబెట్టి లైటు తీయలేదు. పావుగంట తర్వాత చూస్తే మంచం ఖాళీ. కింద టైల్స్ మీద, అజ్జి ఇచ్చిన దుప్పటి కప్పుకుని, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అక్కడ పిల్లలందరూ వరసగా కింద చాపల మీదే పడుకుంటారు. ఆ మాట రిపోర్టులో లేదు, అడగాలని మాకూ తోచలేదు. ఆయన ఏమీ మాట్లాడకుండా మా మంచం మీది బొంత తెచ్చి తన పక్కన పరిచారు. ముగ్గురం కిందే పడుకున్నాం. డాలస్‌కూ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా. రాత్రంతా మాకు నిద్ర లేదు. తను నాలుగుసార్లు లేచింది. లేచిన నాలుగుసార్లూ మేము మెలకువగానే ఉన్నాం.

మూడో రోజు, గురువారం

పొద్దున్నే గ్లాసు పట్టుకుని "పాలు తాగుతావా అమ్మా?" అన్నాను. అర్థం కాలేదు. గ్లాసులోకి తొంగి చూసి, "హాలు" అంది. మా ఇంట్లో తను పలికిన మొదటి మాట అదే.

పిన్నికి ఫోన్ చేసి చెబితే బాబాయి ఫోన్ తీసుకున్నారు. "కన్నడంలో మన 'ప' చాలాచోట్ల 'హ' అయిందమ్మా. హళెగన్నడలో, అంటే పాత కన్నడంలో, వాళ్లూ పాల్ అనే అన్నారు. పులి హులి అయింది, పువ్వు హూవు అయింది, పాము హావు అయింది, పండు హణ్ణు అయింది" అని వరసగా చెప్పుకుంటూ పోయారు. నేను కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించాను. బేకు అంటే కావాలి. బేడ అంటే వద్దు. సాకు అంటే చాలు. తనకు తెలుగు నేర్పాలని అమెరికా నుంచి అక్షరాల పుస్తకాలు మోసుకొచ్చాను. అవి సూట్‌కేసులోంచి బయటికి తీయలేదు. ముందు నేర్చుకోవాల్సింది నేను.

ఆ రోజు ఇద్దరం గంటసేపు అదే ఆడుకున్నాం. బాల్కనీలో కానుగ కొమ్మ మీద ఉడత కనిపిస్తే తను "అళిలు" అంది, నేను "ఉడత" అన్నాను. కాకి వస్తే తను "కాగె", నేను "కాకి". అది వినగానే నా నోటి వైపు చాలాసేపు చూసింది. దగ్గరగా ఉన్న మాట కదా.

నాలుగో రోజు

పాస్‌పోర్టు పని మీద తిరిగాం. ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గర ఒకాయన పాప వినేలాగే తెలుగులో, "అసలు తల్లి ఎవరో తెలుసా?" అని అడిగాడు. ఆయనకు కావాల్సిన కాగితాల్లో ఆ ప్రశ్న లేదు. నేను బర్త్ సర్టిఫికెట్ ఆయన ముందు పెట్టి, తల్లి పేరు ఉన్నచోట వేలు పెట్టి చూపించాను. మా ఆయన నా కంటే గట్టిగా, "మా అమ్మాయి ఇక్కడే ఉంది సార్, కాస్త చూసి మాట్లాడండి" అన్నారు. తర్వాత పని త్వరగానే అయింది.

చిన్నికి తెలుగు రాదు కాబట్టి అర్థమై ఉండదని పిన్ని సముదాయించింది. పిల్లలకు గొంతులు అర్థమవుతాయి. ఇంటికి వచ్చేదాకా తను నా వైపు చూడలేదు.

అయిదు, ఆరు రోజులు, శని, ఆదివారాలు

ఈ రెండు రోజుల గురించి రాయడం కష్టంగా ఉంది.

శనివారం నుంచి చిన్ని నన్ను దగ్గరికి రానివ్వలేదు. అన్నం ఆయన పెడితేనే తింది. స్నానం ఆయనే చేయించాలి. నేను టవల్ పట్టుకుంటే "నీను బేడ" అని తోసేసింది. ఆయనకేమో ఏం చేయాలో తోచక నా వైపు, తన వైపు మార్చి మార్చి చూస్తున్నారు. నేను బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరైనా ఇలాంటి రోజు గురించి ముందే చెప్పి ఉంటే బాగుండేది. అందుకే రాస్తున్నాను.

సోషల్ వర్కర్‌కు ఫోన్ చేశాను. "తన జీవితంలో మగవాళ్లు ఎక్కువగా లేరు కాబట్టి సార్ ఎవరి చోటూ లాక్కోవడం లేదు. మీరు లాక్కుంటున్నారు, అజ్జి చోటు. మిమ్మల్ని దగ్గరికి రానిస్తే అజ్జిని వదిలేసినట్టవుతుందని తన బాధ" అంది. ఆ ఒక్క మాటతో నా మనసు కుదుటపడింది. తను తోస్తున్నది నన్ను కాదు. తను గట్టిగా పట్టుకుని ఉన్నది ఇంకొకరిని.

దిండు కింద మేరీ బిస్కెట్లు అయిదు దొరికాయి. తీయలేదు. ఆయన ఒక చిన్న స్టీలు డబ్బా తెచ్చి, బిస్కెట్లు నింపి, తనకు అందేంత ఎత్తులో పెట్టారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని సైగలతో చెప్పారు. ఆదివారం పొద్దున్నుంచి రాత్రిలోపు పదిసార్లు మూత తీసి చూసుకుంది. తిన్నది రెండే.

ఆదివారం సాయంత్రం మెట్రో ఎక్కించాం. జయనగర్ నుంచి మెజెస్టిక్ దాకా వెళ్లి, స్టేషన్ బయటికి వెళ్లకుండానే తిరుగు రైలెక్కి వచ్చాం. "ముందిన నిల్దాణ" (తర్వాతి స్టేషన్) అని స్పీకర్‌లో వినపడినప్పుడల్లా తనూ సన్నగా "ముందిన నిల్దాణ" అంది. తన భాషలో అందరికీ వినిపించేలా ఎవరో మాట్లాడుతున్నారు. ఆ అరగంట తన ముఖం తేటగా ఉంది.

ఏడో రోజు, కార్తీకమాసం చివరి సోమవారం

తప్పు నాది. సోషల్ వర్కర్ వద్దని చెప్పిన పనే చేశాను.

కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె. వేరుశెనగకాయల తిరునాళ్లు. అక్కడి దొడ్డ బసవణ్ణ ఒకే రాయిలో చెక్కిన పెద్ద నంది. బెంగళూరును స్థాపించిన కెంపేగౌడ 1537లో ఆ గుడి కట్టించాడంటారు. ఒక ఎద్దు వేరుశెనగ చేలు మేసి పోతుంటే, రైతులు మొదటి పంట నీకే ఇస్తామని నందికి మొక్కుకున్నారని, అలా ఈ పరిషె మొదలైందని కథ. పిన్ని ఏటా వెళ్తుంది. "మనకు దగ్గరే కదే, పది నిమిషాలు చూసి వచ్చేద్దాం" అంది. నాకూ చూపించాలని ఆశ పుట్టింది. ఇంట్లో కూర్చుని నాకు ఊపిరాడనట్టు ఉంది.

బుల్ టెంపుల్ రోడ్డుకు రెండు వైపులా కాయల గుట్టలు. పచ్చివి, వేయించినవి, ఉడికించినవి. మైకులు, బూరలు, జనం. చిన్ని ఆయన భుజం మీద బాగానే ఉంది. ఉడికించిన కాయలు కొందామని ఆయన తనను కిందికి దింపి జేబులో చెయ్యి పెట్టారు. నేను సంచి పట్టుకున్నాను. తల తిప్పి చూస్తే పాప లేదు.

రెండు నిమిషాలో మూడు నిమిషాలో. నేను తన పేరు పెట్టి అరిచాను. గొంతు నాదిలా లేదు. పిన్ని ఒక వైపు, ఆయన ఒక వైపు పరుగెత్తారు. నాలుగో గుట్ట దగ్గర కనిపించింది. కాయలు అమ్మే ఒక పెద్దావిడ కొంగు పట్టుకుని నిలబడి, ఆమె వలిచి పెడుతున్న గింజలు తింటోంది. నవ్వుతోంది. ఆమెను అజ్జి అని పిలుస్తోంది. మా కోసం వెతకలేదు. మేము కనబడలేదన్న కంగారే లేదు.

ఆవిడ మంచిది. "నిమ్మ మగూనా?" (మీ పాపేనా?) అని అడిగి, దోసెడు కాయలు పాప చేతుల్లో పోసి అప్పగించింది. డబ్బు తీసుకోలేదు. కానీ ఆ నవ్వు నన్ను వదల్లేదు. ముక్కూమొహం తెలియని మనిషికి ఇచ్చిన ఆ నవ్వు మాకింకా ఇవ్వలేదు. చూసేవాళ్లు ఎంత కలుపుగోలు పిల్ల అంటారు. పెంచినవాళ్లు మారిపోతూ ఉన్న పిల్లలకు ఏ చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకోవడం అలవాటవుతుంది. అది కలుపుగోలుతనం కాదు. బతకడానికి తను నేర్చుకున్న పద్ధతి.

పిన్ని ఆటోలో ఏడ్చింది. "నా వల్లే" అంది. కాదు పిన్నీ, నేనే రానన్నా సరిపోయేది అన్నాను.

ఎనిమిదో రోజు

ఎక్కడికీ వెళ్లలేదు. రాగి గంజి, అన్నం చారు, నిద్ర. బయట సన్నటి వాన.

తొమ్మిదో రోజు, బుధవారం

పొద్దున తల దువ్వబోతే ఎర్ర రిబ్బన్లు తెచ్చి ఇచ్చింది. నేను వేసిన పిలకలు వంకరగా వచ్చాయి. అద్దంలో చూసుకుని, రెండూ పీకేసి, "అజ్జి బేకు" అంది. వచ్చిన ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా అనని మాట. మళ్లీ అంది. ఇంకా గట్టిగా అంది.

ఆయన గాభరాగా ఫోన్‌లో బొమ్మలు పెట్టబోయారు. నేను ఆపాను. కింద తన పక్కన కూర్చుని, నాకు వచ్చిన ముక్కల్లోనే, "హూఁ. అజ్జి బేకు" అన్నాను. తను ఆగి నా వైపు చూసింది. "అజ్జి ఇల్లా" అంది, అజ్జి లేదని. "హూఁ. అజ్జి ఇల్లి ఇల్లా" అన్నాను, అజ్జి ఇక్కడ లేదని. ఇంతకంటే నాకు కన్నడం రాదు. అజ్జి దుప్పటి తెచ్చి ఇద్దరి మీదా కప్పాను. పారిపోలేదు. ఆనుకోనూ లేదు. నా మోకాలికి జానెడు దూరంలో కూర్చుంది.

మధ్యాహ్నం పిన్ని వస్తే చెప్పాను. "అయ్యో, మరిపించాలి గానీ గుర్తు చేస్తావేంటే?" అంది. చాలామంది అలాగే అనుకుంటారు. నేను ఒప్పుకోను. మూడేళ్లు తనను పెంచిన చేతుల్ని పిల్ల మరిచిపోవాలని ఎలా కోరుకుంటాం? అంత తేలిగ్గా మరిచిపోయేదైతే రేపు నన్ను మాత్రం ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు, "అజ్జి పిలకలు ఎలా వేసేదో ఫోన్ చేసి కనుక్కోవే" అంది.

కనుక్కున్నాం. పాపిడి మధ్యలో కాదు, కాస్త ఎడమ వైపుకు తీయాలట.

ఇంకో మాట. ఆ మర్నాడు లిఫ్ట్‌లో పక్క ఫ్లాట్ ఆవిడ తెలుగువాళ్లని తెలిసి పలకరించి, "ఎంత పుణ్యం చేశారండీ, పాప అదృష్టవంతురాలు" అంది. మంచి మనసుతోనే అంది. కానీ పుణ్యం కోసం కాదు, అమ్మా నాన్నా కావాలని వచ్చాం. అయినవాళ్లందర్నీ పోగొట్టుకుని మా దాకా వచ్చిన పిల్లను అదృష్టవంతురాలనడానికి నాకు నోరు రాదు. ఆవిడకు, "అదృష్టం మాదేనండీ" అని మాత్రం చెప్పాను.

పదకొండో రోజు, శుక్రవారం

లాల్‌బాగ్‌కు పొద్దున్నే, జనం పెద్దగా లేని వేళ వెళ్లాం. ముగ్గురమే. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట ఇప్పుడు 240 ఎకరాలు. మేము అన్నీ చూడాలని వెళ్లలేదు. 1889లో పునాది వేసిన గాజు మేడను దూరం నుంచే చూసి, బండ మీదికి వెళ్లాం. భూమి మీద బాగా పాత రాళ్లలో ఆ బండ ఒకటి, వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. దాని మీద కెంపేగౌడ గోపురం ఉంది. చిన్నికి ఇవేమీ పట్టలేదు. నున్నగా, వెడల్పుగా, పరుగెత్తడానికి ఎంత చోటు!

ఆయన కింద చెప్పులు విప్పి కూర్చున్నారు. నేను పదిహేను అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. చిన్ని పైకి పరుగెత్తుతుంది, కిందికి వస్తుంది, మళ్లీ పైకి. ప్రతిసారీ సగం దూరం వెళ్లాక వెనక్కి తిరిగి చూస్తోంది. మొదట గమనించలేదు. మూడోసారికి అర్థమైంది, నేనున్నానా లేదా అని చూసుకుంటోంది. పరిషెలో అది లేదు.

అయిదోసారి కాలు జారింది. మోకాలు గీసుకుపోయింది. దగ్గర్లో నడుస్తున్న ఒకామె "అయ్యో పుట్టా" అంటూ చేతులు చాచి వంగింది. చిన్ని ఆమె చేతుల పక్క నుంచి తప్పుకుని, నోరంతా తెరిచి ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. గట్టిగా, బండంతా వినపడేలా. వచ్చి నా మెడ పట్టుకుంది. నేను తనను ఎత్తుకుని అక్కడే కూలబడ్డాను.

ఏ తల్లీ బిడ్డ ఏడుపు విని ఇంత సంతోషపడి ఉండదు. ఆయన పైకి పరుగెత్తుకొచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి, పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. మోకాలు కడిగి ఊదాక, "ఇన్నూ" అంది. ఇంకోసారి ఊదాను. అలా ఎన్నిసార్లు ఊదించుకుందో లెక్క లేదు.

పన్నెండు, పదమూడు రోజులు

పాస్‌పోర్టు వచ్చింది. ఫొటోలో చిన్ని కోపంగా ఉంది, పిలకలు వంకర. డాలస్ వెళ్లాక కూడా రెండేళ్లు రిపోర్టులు పంపాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. కొందరికి అది భారంగా అనిపిస్తుందేమో. మా పాప ఎలా ఉందని అడిగేవాళ్లు ఇక్కడ ఉన్నారంటే నాకు మంచిగానే ఉంది.

ఆదివారం అజ్జిని చూడటానికి తీసుకెళ్లాం. వెళ్లకపోతేనే మంచిదని ఇద్దరు ముగ్గురు చెప్పారు. చెప్పకుండా మాయమైపోవడం తనకు అప్పటికే ఒకసారి జరిగింది, రెండోసారి మా చేతుల మీదుగా జరగకూడదని వెళ్లాం. అజ్జి ముందుగా పిలకలు చూసింది. పాపిడి సరిగ్గా ఉందని తల ఊపింది. చిన్ని ఆమె ఒళ్లో చాలాసేపు కూర్చుంది. వచ్చేటప్పుడు ఏడ్చింది, గట్టిగానే. అజ్జి కూడా ఏడ్చింది. ఆమె ఫొటో ఆల్బమ్‌లో మొదటి పేజీలో పెట్టాం.

ఆ రాత్రి చిన్ని రెండుసార్లు లేచింది. రెండోసారి నా చెయ్యి లాక్కుని తన తల కింద పెట్టుకుంది.

పద్నాలుగో రోజు, సోమవారం

వీసా పని మీద ఢిల్లీ వెళ్లాలి. మధ్యాహ్నం విమానం. గులాబీరంగు దుప్పటి, కుందేలు బొమ్మ చిన్న మంచం మీద పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. అక్షరాల పుస్తకాలు సూట్‌కేసు అడుగున ఉన్నాయి. పిన్ని జయనగర్ నాలుగో బ్లాకులో పెద్ద చాప ఒకటి కొని తెచ్చింది, ముగ్గురూ పట్టేంతది. దాన్ని చుట్టి తాడుతో కట్టాం.

ట్యాక్సీ డిక్కీలో పట్టలేదు. వెనక సీటులో అడ్డంగా పెడితే ఒక కొన నా ఒళ్లో, ఒక కొన చిన్ని ఒళ్లో. తను దాని మీద రెండు చేతులూ వేసి పట్టుకుంది. హెబ్బాళ దాటాక అడిగింది.

"అమ్మా, అల్లినూ కెళగే మలక్కోతీవా?"

కెళగె అంటే కింద అని ఫ్రిజ్ మీది కాగితంలో ఉంది. అక్కడ కూడా కిందే పడుకుంటామా అని అడుగుతోంది.

"హూఁ" అన్నాను. "కెళగే."

"అప్పనూ?"

ముందు సీటులోంచి ఆయన వెనక్కి తిరిగి, "అప్ప కూడా" అన్నారు.